బుష్‌పై ఆగ్రహం, డెమొక్రాట్లపై ఆశ

2006 నవంబరు 7న అమెరికా ప్రజలు ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో మూడో వంతు స్థానాలకూ, 36 రాష్ట్రాల గవర్నర్ పదవులకూ ఓటు వేశారు. మన దేశంలో మధ్యంతర ఎన్నికలంటే ప్రభుత్వం కూలినప్పుడు వచ్చిపడేవి. అక్కడ మాత్రం అవి అధ్యక్షుని నాలుగేళ్ల పదవీకాలం నడుమ తప్పనిసరిగా జరిగేవి. అధ్యక్షుడు మారడు. అతడు కోరిన నిధులనూ చట్టాలనూ ఆమోదించే, అతడి అధికారులను పిలిచి ప్రశ్నించే అధికారం ఏ పార్టీ చేతికి వెళుతుందన్నదే తేలుతుంది. జార్జి బుష్ పేరు అప్పుడు ఏ ఓటు పత్రం మీదా లేదు. అయినా తీర్పు ఆయన మీదనే అన్న సంగతి రిపబ్లికన్ అభ్యర్థులందరికీ తెలిసే ఉంది. ఆయనతో కలిసి వేదిక ఎక్కడానికే వారిలో పలువురు వెనుకాడారు.

అసంతృప్తికి కారణాలు వెతకనక్కరలేదు. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి ఇరాక్‌పై దండెత్తారు, ఆయుధాలు దొరకలేదు. అప్పటికి 2,700 మందికి పైగా అమెరికన్ సైనికులు శవపేటికల్లో తిరిగి వచ్చారు. కత్రినా తుపానులో న్యూ ఆర్లియన్స్ మునిగి నల్లజాతి పేదలు ఇళ్ల కప్పుల మీద సాయం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ప్రభుత్వం ఎక్కడుందో తెలియలేదు. అబ్రమాఫ్ లంచాల వ్యవహారం, టామ్ డిలే రాజీనామా, పార్లమెంటు భవనంలో పనిచేసే బాలురకు అసభ్య సందేశాలు పంపిన మార్క్ ఫోలీ ఉదంతం దీనికి తోడయ్యాయి. బుష్ ప్రజాదరణ నలభై శాతం దిగువకు పడిపోయింది.

2006 అక్టోబరులోనే లాన్సెట్ వైద్య పత్రిక మరో లెక్క ప్రచురించింది. దండయాత్ర వల్ల అదనంగా మరణించిన ఇరాకీల సంఖ్య దాదాపు 6,55,000 అని పరిశోధకుల అంచనా. అది నమ్మదగినది కాదని బుష్ ఒక్క మాటతో కొట్టిపారేశారు. అంకె ఎంత సరైనదన్నది నిపుణులు తేల్చవలసిన విషయం. మనల్ని కలచివేసేది వేరు. ఆ అంకె ఈ ఎన్నికల్లో చర్చనీయాంశమే కాలేదు. యుద్ధం ఓడిపోతున్నందుకు, ఖర్చవుతున్నందుకు, తమ బిడ్డలు చనిపోతున్నందుకు అమెరికన్ ఓటరుకు కోపం వచ్చింది. ఆ యుద్ధం మొదటినుంచీ అన్యాయమన్న కోపం అంతకంటే చాలా చిన్నది. ఈ తేడాను గుర్తించకుండా మన పక్షాన ఎవరో లేచి నిలబడ్డారని సంబరపడితే నిరాశ తప్పదు.

డెమొక్రాట్లకు ప్రతినిధుల సభ దక్కాలంటే 15 స్థానాలు అదనంగా గెలవవలసి ఉండింది, సెనేట్‌కు ఆరు కావలసి ఉండింది. అధ్యక్షుని పార్టీ మధ్యంతర ఎన్నికల్లో నష్టపోవడం అక్కడ ఆనవాయితీ. 1994లో క్లింటన్ పార్టీ ఒక్క దెబ్బకు 54 స్థానాలు పోగొట్టుకుని సభనే వదులుకుంది. 2002లో ఇరాక్ యుద్ధభేరి మోగించి బుష్ ఆ ఆనవాయితీని తప్పించుకున్నారు. 2006లో అదే యుద్ధం ఎదురు తిరిగింది. ప్రతినిధుల సభ చేతులు మారే అవకాశమే ఎక్కువగా కనిపించింది. సెనేట్ మాత్రం ఒకటి రెండు రాష్ట్రాల మీద ఆధారపడింది. అందులో ఒకటి వర్జీనియా. ఎదుటి పక్షం తరఫున తన సభను వీడియో తీస్తున్న భారత సంతతి విద్యార్థిని సెనేటర్ జార్జ్ అలెన్ 2006 ఆగస్టులో 'మకాకా' అని వెక్కిరించారు. సునాయాసంగా గెలవవలసిన వ్యక్తి ఆ ఒక్క మాటతో ఇరకాటంలో పడ్డారు.

అయితే ఓటరు కోపమంతా స్థానాలుగా మారదు. నియోజకవర్గాల సరిహద్దులు గీసేది అక్కడ చాలా రాష్ట్రాల్లో శాసనసభలే. టెక్సాస్‌లో డిలే 2003లో మధ్యలోనే పటం మార్పించి తన పార్టీకి స్థానాలు పెంచుకున్నారు. 2004లో మళ్లీ పోటీచేసిన ప్రతినిధుల సభ సభ్యుల్లో నూటికి దాదాపు 98 మంది గెలిచారంటే ఆ గీతల మహిమ అర్థమవుతుంది. మన దగ్గరా జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ నియోజకవర్గాల పునర్విభజన చేసింది. పట్టణాల్లో ముస్లిం వాడలను ఏ గీత ఎటు చీల్చిందో, ఏ స్థానాలు రిజర్వు జాబితాలోకి వెళ్లాయో మన సంఘాల్లో ఎన్ని పరిశీలించాయి? పోలింగ్ ముందు వారం రోజుల హడావుడికి మనం ఇచ్చే ప్రాధాన్యంలో పదో వంతు కూడా దీనికి ఇవ్వలేదు.

ఇక డెమొక్రాట్ల సంగతి. 2001 అక్టోబరులో పేట్రియట్ చట్టం సెనేట్ ముందుకు వచ్చినప్పుడు 98 మంది అవునన్నారు, కాదన్నది రస్ ఫైన్‌గోల్డ్ ఒక్కరే. 2002లో ఇరాక్‌పై యుద్ధానికి అనుమతిస్తూ 29 మంది డెమొక్రాటిక్ సెనేటర్లు ఓటు వేశారు, వారిలో హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ ఉన్నారు. ప్రతినిధుల సభలో ఆ పార్టీ సభ్యుల్లో అత్యధికులు వ్యతిరేకించారన్నది కూడా చెప్పుకోవాలి. 2006 సెప్టెంబరు 28న సెనేట్ ఆమోదించగా అక్టోబరు 17న బుష్ సంతకం చేసిన సైనిక కమిషన్ల చట్టాన్ని చూడండి. శత్రు పోరాటకారులని ముద్రవేసి నిర్బంధించిన విదేశీయులకు హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే హక్కును అది తీసివేసింది. ముద్ర సరైనదో కాదో ఆ పిటిషన్ ద్వారా కోర్టు తలుపు తట్టి అడిగే వీలు అప్పుడు లేకుండా పోయింది. ఆ హక్కును కాపాడే సవరణ 48 - 51 ఓట్లతో ఓడిపోయింది. ఒక్కరు తప్ప డెమొక్రాట్లంతా సవరణ వైపే నిలిచారు. కానీ సవరణ ఓడిన తర్వాత అసలు బిల్లుకు వారిలో పన్నెండు మంది అవునన్నారు. ఓహాయోలో సెనేట్‌కు పోటీ చేసిన షెరాడ్ బ్రౌన్, టెనెసీలో పోటీ చేసిన హెరాల్డ్ ఫోర్డ్ ప్రతినిధుల సభలో అలాగే ఓటు వేశారు. ఉగ్రవాదం పట్ల మెతక అన్న ప్రచారానికి భయపడ్డారు. ఎన్నికలకు ఆరు వారాల ముందు ఆ బిల్లు ఎందుకు వచ్చిందో వారికి తెలియక కాదు.

అమెరికన్ ముస్లింలు 2000లో ఒక ప్రయోగం చేశారు. 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం కింద నిందితులకు చూపకుండానే రహస్య సాక్ష్యాలతో వలసదారులను నిర్బంధించేవారు. అధ్యక్ష అభ్యర్థుల చర్చలో బుష్ ఈ పద్ధతిని తప్పుపట్టారు. ఆ మాట మీద ప్రధాన ముస్లిం సంఘాల సమన్వయ మండలి ఆయనకు మద్దతు ప్రకటించింది. ఏడాది తిరగకుండా సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. ఆ తర్వాత పాతిక దేశాల పురుషులు ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి నమోదు చేసుకోవాలన్నారు. ఒక్క ఉత్తర కొరియా తప్ప అవన్నీ ముస్లింలు అధికంగా ఉన్న దేశాలే. 80,000 మందికి పైగా వెళ్లి నమోదయ్యారు. చట్టాన్ని గౌరవించి తమంతట తాము వెళ్లినవారిలో 13,000 మందికి పైగా దేశం నుంచి పంపివేసే ప్రక్రియలో చిక్కుకున్నారు. 2004లో అవే సంఘాల కూటమి కెర్రీకి మద్దతిచ్చింది, నిరసన ఓటుగా మాత్రమేనని చెప్పి మరీ. ఒకసారి మాట నమ్మారు, మరోసారి కోపంతో వేశారు. రెండుసార్లూ ఓటు వేసిన మరునాడు వారి చేతిలో ఏమీ మిగల్లేదు.

మరి ఫలితం ఎక్కడ కనబడింది? లెబనాన్‌పై బాంబులు కురుస్తున్నప్పుడు, 2006 జులై 20న, ఇజ్రాయెల్‌ను సమర్థిస్తూ ప్రతినిధుల సభ 410 - 8 ఓట్లతో తీర్మానం చేసింది. ఆ ఎనిమిది మందిలో జాన్ కాన్యర్స్, జాన్ డింగెల్, కరోలిన్ కిల్‌పాట్రిక్ ముగ్గురూ మిషిగన్ వారు, డెట్రాయిట్ పరిసరాల అప్పటి ప్రతినిధులు. అరబ్బులు తరతరాలుగా స్థిరపడి, దుకాణాలు పెట్టి, కార్మిక సంఘాల్లో చేరి, స్థానిక పదవులకు పోటీచేసి, తమ ప్రతినిధి ముఖం చూసి మాట్లాడగలిగే స్థితికి వచ్చిన ప్రాంతమది. అదే మిషిగన్ అప్పటి సెనేటర్ డెబీ స్టాబెనో, రాష్ట్రమంతటి ఓట్లు కావలసినందున కాబోలు, సైనిక కమిషన్ల బిల్లుకు అవునన్న పన్నెండు మందిలో ఒకరు. సంఖ్య ఉన్నచోట, ఆ సంఖ్య ఏడాది పొడుగునా కదిలేచోట మాత్రమే ప్రతినిధి ఎదురీదుతాడు.

మిన్నియాపొలిస్‌లో కీత్ ఎల్లిసన్ 2006లో డెమొక్రాటిక్ అభ్యర్థిత్వం గెలుచుకున్నారు. అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం ఆయనే అయ్యారు. శ్వేతజాతీయులే అధికంగా ఉన్న నియోజకవర్గమది. ఆయన అడిగింది ముస్లిం ఓటు కాదు, అందరికీ వైద్యం, ఇరాక్ నుంచి సైన్యాల ఉపసంహరణ. ఆయన గతాన్నీ మతాన్నీ తవ్విన ప్రత్యర్థులకు ఆ ఎజెండా మీద చెప్పడానికి పెద్దగా ఏమీ దొరకలేదు.

ఈ దూరపు కథ మనకెందుకని అడిగేవారికి మన రాష్ట్రంలో 2004ను గుర్తుచేస్తాము. గుజరాత్ మారణకాండ తర్వాత కూడా వాజపేయి ప్రభుత్వాన్ని నిలబెట్టిన తెలుగుదేశంపై ముస్లింల ఆగ్రహం కాంగ్రెస్‌కు కలిసివచ్చింది. ఐదు శాతం రిజర్వేషన్ హామీ వచ్చింది, జీవో వచ్చింది, కోర్టులో వీగిపోయింది. మళ్లీ చట్టం చేశారు. సరైన సర్వే, ప్రమాణాలు లేవంటూ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2005 నవంబరు 7న దాన్నీ కొట్టివేసింది. వెనుకబాటును నిరూపించే అధ్యయనాన్ని గట్టిగా చేయించమని ఆ ఏడాదిన్నరలో ప్రభుత్వం వెంటపడి ఉండవలసింది మనమే. విజయోత్సవాలు చేసుకున్నాము. 2006 అక్టోబరులో ఆశలన్నీ సుప్రీం కోర్టు మీద, అప్పటికింకా రావలసిన సచార్ కమిటీ నివేదిక మీద నిలిచాయి.

ఇదంతా చెప్పి రెండు పార్టీలూ ఒకటేననడం మా ఉద్దేశం కాదు. సభ చేతులు మారితే స్థాయీ సంఘాల అధ్యక్షులందరూ మారతారు. అధికారులకు తాకీదులు పంపి, ప్రమాణం చేయించి, దస్త్రాలు తెప్పించే అధికారం వారిది. అంతవరకు గ్వాంటనామో గురించీ, వారంటు లేకుండా ఫోన్లు వినడం గురించీ ఎవరూ గట్టిగా అడగలేదు. న్యాయ వ్యవహారాల సంఘానికి కాన్యర్స్ అధ్యక్షులయ్యారు. జాతిని, మతాన్ని చూసి పోలీసులు అనుమానించడాన్ని నిషేధించే బిల్లును ఆయన ఏళ్ల తరబడి ప్రవేశపెడుతూ వచ్చారు, అది సభలో ఓటింగ్ దాకా వెళ్లలేదు. ఇది చిన్న అవకాశం కాదు.

కానీ సభాధ్యక్ష పదవి అందుకున్న నాన్సీ పెలోసీ తొలి వంద గంటల్లో తెస్తామని ప్రకటించిన జాబితా కూడా అప్పటికే ఉంది. కనీస వేతనం పెంపు ఉంది, మందుల ధరలు ఉన్నాయి, మూలకణాల పరిశోధన ఉంది, 9/11 కమిషన్ సిఫారసులున్నాయి. హెబియస్ కార్పస్ పునరుద్ధరణ లేదు. ఇరాక్ నుంచి సైన్యాలను వెనక్కి రప్పించే తేదీ లేదు. చికాగోలో, హ్యూస్టన్‌లో పౌరసత్వం తీసుకుని స్థిరపడిన హైదరాబాదీ కుటుంబాలు మనలో ఎందరికో బంధువులు. తమ వీధికి ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని ఆ రెండు విషయాలూ ఎందుకు లేవని వారు అడగవలసింది. జవాబును రాసి పెట్టుకుని, కొత్త సభ కొలువుదీరిన తర్వాత మళ్లీ అదే తలుపు తట్టవలసింది.