సంతకం పెట్టే ముందు రెండో పేజీ తిప్పండి

పోయిన ఆదివారం బాగలూరు పక్క పల్లె నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఎకరంన్నర రోజా తోట ఉంది ఆయనకి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రెండు పేజీల కాగితం. కొడుకు ప్లస్ టూ ముగించాడు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. “మావాడికి అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్పు వచ్చిందంట అయ్యవారా. శుక్రవారం లోపల లక్షన్నర కట్టాలంట. కొంచెం చూసి చెప్పండి” అన్నాడు.

చూశాను. మొదటి పేజీలో కాలేజీ ముద్ర, పిల్లవాడి పేరు, అభినందనలు, ఏడాదికి 22,000 డాలర్ల స్కాలర్‌షిప్పు. రెండో పేజీ ఆయన తిప్పనే లేదు. అందులో ఒక పట్టిక ఉంది. చదువు ఫీజు, హాస్టలు గది, తిండి, ఇన్సూరెన్సు, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 49,000 డాలర్లు. మిగిలిన 27,000 ఎవరు కట్టుకోవాలో కూడా రాసి ఉంది: కుటుంబం.

డాలరుకి 85 రూపాయలని తక్కువగానే వేసుకున్నా ఏడాదికి దాదాపు 23 లక్షలు. నాలుగేళ్లకి 92 లక్షలు. విమానం టికెట్లు ఇందులో లేవు, వీసా ఖర్చు లేదు, ఏటేటా పెరిగే ఫీజు లేదు. నేను పెన్సిలుతో కూడి చూపిస్తుంటే ఆయన ఆ అంకెల వైపే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి అడిగాడు: “స్కాలర్‌షిప్పు అంటే ఊరికే చదివించడం కాదా?”

కాదన్నా. కాదమ్మా. హోసూరు, కృష్ణగిరి, బర్గూరు, డెంకణికోట, సూళగిరి, ఎక్కడున్నా ఫుట్‌బాల్ ఆడే మగపిల్లవాడు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క మాట ముందు చెవిన వేసుకోండి. స్కాలర్‌షిప్పు అంటే తగ్గింపు. ఎంత తగ్గించారన్నది మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎంత మిగిలిందన్నది రెండో పేజీలో ఉంటుంది. మన కొంప తీసేది మిగిలినదే.

ఆ కాగితం దొంగదై ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. దొంగ కాగితాన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇది నిజం కాగితం. కాలేజీ ఉంది, కోచ్ ఉన్నాడు, జట్టు ఉంది, పచ్చటి మైదానం ఉంది. ఎటొచ్చీ వాళ్లు పిల్లవాణ్ణి ఎందుకు పిలుస్తున్నారన్నది మనకి ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

అమెరికాలో కాలేజీ ఆటలకి ఎన్‌సీఏఏ అనే సంస్థ ఉంది. దాని కింద మూడు తరగతులు. మూడో తరగతిలో, అంటే డివిజన్ త్రీలో, నాలుగు వందలకు పైగా కాలేజీలున్నాయి. ఎక్కువగా చిన్నవే. ఆ తరగతి కాలేజీలు ఆట కోసం ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్పు ఇవ్వకూడదు. అది వాళ్ల నియమం. మార్కుల్ని బట్టో, కుటుంబ ఆదాయాన్ని బట్టో ఫీజు తగ్గిస్తారు, అంతే. కాబట్టి “డివిజన్ త్రీలో ఫుల్ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాను” అని ఎవరైనా అంటే, ఆ మనిషికి తెలియదనుకోండి లేదా మీకు తెలియదని అతను అనుకున్నాడనుకోండి. పై తరగతి సంగతి చూద్దామన్నా అంతంతే. డివిజన్ వన్‌లో మగపిల్లల సాకర్ (మన ఫుట్‌బాల్) జట్టు మొత్తానికి చాలాకాలం 9.9 స్కాలర్‌షిప్పులే హద్దు. పాతికకు పైగా పిల్లలు దాన్ని ముక్కలు చేసి పంచుకునేవాళ్లు. 2025లో లెక్క మారింది, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న హద్దు వచ్చింది. అందరికీ డబ్బు ఇచ్చి తీరాలన్న నియమం మాత్రం రాలేదు. ఎన్‌ఏఐఏ అనే వేరే సంస్థ కింద ఉన్న చిన్న కాలేజీలు ఆటకి కొంత ఇస్తాయి. అదీ చాలావరకు సగమో పావో.

మరి డబ్బివ్వని కాలేజీ పిల్లల్ని వెతుక్కుంటూ ఎందుకొస్తుంది? సీట్లు నిండాలి కాబట్టి. పిల్లల ఫీజు మీదే బతికే చిన్న కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. జట్టులో నలభై మందిని చేర్చుకుంటే నలభై ఫీజులు. మైదానంలో ఆడేది పదకొండు మందే. మిగతావాళ్లు బెంచీ మీద కూర్చుని ఫీజు కడతారు. ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ల బతుకుతెరువు అది. కానీ మనవాడు ఆటగాడిగా వెళ్తున్నాడా, ఒక సీటుగా వెళ్తున్నాడా అన్నది ముందే తెలుసుకోవాలి కదా.

ఇంకో ప్రమాదం ఉంది. ఆ కాలేజీ నాలుగేళ్లు నిలబడుతుందా? అలబామాలో బర్మింగ్‌హామ్ సదరన్ అనే డివిజన్ త్రీ కాలేజీ ఉండేది. 1856లో పెట్టింది. డబ్బు లేక 2024 మే 31న మూసేశారు. అదే రోజు దాని బేస్‌బాల్ జట్టు జాతీయ పోటీల్లో ఆడుతోంది. పొద్దున ఉన్న కాలేజీ సాయంత్రానికి లేదు. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్ కాలేజీ ఏప్రిల్ నెలాఖరులో చెప్పి, ఆ సెమిస్టరుతోనే తలుపులేసింది. అక్కడి పిల్లలైతే ఇంకో ఊరికి పోయి చదువుకుంటారు. వీసా మీద పోయిన మన పిల్లవాడు గడువులోపల వేరే కాలేజీ చూసుకోవాలి, లేకపోతే తిరిగి రావాలి. బ్యాంకు అప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త కథా? ఫుట్‌బాల్ ఒక్కటే కొత్త. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద, వీసాల మోసమని అధికారులు దాడి చేశారు. చదివేవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని నడిపిన ఆమెకి తర్వాత పదహారేళ్లకు పైగా జైలు పడింది. పిల్లల చదువు, కట్టిన ఫీజు తిరిగి రాలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. తరగతుల్లేవు, పాఠాల్లేవు, అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి కాలేజీ అది. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది మన దేశం పిల్లలు. అందులో చేర్పించి కమిషన్ తిన్నారని కేసు పడినవాళ్లలోనూ మనవాళ్లే ఉన్నారు. మన భాష మాట్లాడాడని, మన ఊరి పేరు చెప్పాడని నమ్మొద్దు. ఆ రెండు కాలేజీలూ ప్రభుత్వ జాబితాలో కనబడినవే. జాబితాలో పేరుంది కదా అని ఊరుకోవద్దు.

మధ్యవాళ్లు ఎలా వస్తారో చెబుతాను, గుర్తుపట్టండి. ముందు పిల్లవాడి ఇన్‌స్టాగ్రామ్‌కి మెసేజ్ వస్తుంది. “బ్రో, నీ రీల్ చూశాను, ఫారిన్ కోచ్‌కి పంపించాను, నచ్చింది.” పదిహేడేళ్ల పిల్లవాడికి ఆ మాట చాలు. తర్వాత వీడియో తీయడానికి డబ్బు, ప్రొఫైల్‌కి డబ్బు, ట్రయల్స్‌కి డబ్బు. ఒకేసారి పెద్ద మొత్తం అడగరు. పదివేలు, ఇరవైవేలు, ముప్పైవేలు. ఇంత కట్టాక వదిలేస్తామా అన్న చోటికి తెచ్చి, అప్పుడు లక్షన్నర అడుగుతారు. గడువు ఎప్పుడూ రేపో ఎల్లుండో. సీట్లు ఎప్పుడూ రెండే. నాన్నకి చెప్పకముందే అమ్మ గాజులు తాకట్టుకి పోయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

బ్యాంకులో డబ్బు చూపించాలి కదా, మేమే ‘అరేంజ్’ చేస్తామంటే అక్కడే లేచి వచ్చేయండి. వీసాకి అబద్ధపు పత్రం పెట్టి దొరికితే ఆ దేశం తలుపు పిల్లవాడికి జీవితాంతం మూసుకుపోవచ్చు. అక్కడికి పోయాక పని చేసి కట్టుకుంటాడులే అన్న మాటా నమ్మొద్దు. చదువు వీసా మీద, కాలేజీ నడిచే రోజుల్లో దాని ఆవరణలో వారానికి ఇరవై గంటలే పని. ప్రాక్టీసు, మ్యాచులు, పాఠాలు పోగా ఆ ఇరవై గంటలు దొరకడమే గగనం. దాంతో 23 లక్షలు ఎక్కడ కూడుతాయి?

యూరప్ పేరు చెప్పేవాళ్లు ఇంకో రకం. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ణి దేశం దాటించి క్లబ్బులో చేర్చుకోకూడదని ఫిఫా నియమం, కొద్ది మినహాయింపులు తప్ప. పదహారేళ్ల పిల్లవాడికి స్పెయిన్ క్లబ్బు, పోర్చుగల్ క్లబ్బు అంటున్నారంటే అనుమానించండి. 2023 జూన్‌లో పోర్చుగల్‌లో రిబా ద అవె అనే చిన్న ఊళ్లో ఒక అకాడమీ మీద అధికారులు దాడి చేస్తే 47 మంది ఆటగాళ్లు దొరికారు. 36 మంది పిల్లలు. దూరదేశాల నుంచి తల్లిదండ్రులు డబ్బు కట్టి పంపినవాళ్లు. పత్రాలు వాళ్ల చేతుల్లో లేవు. పాస్‌పోర్టు పిల్లవాడి దగ్గరే ఉండాలి. కోచ్ అడిగినా, వార్డెన్ అడిగినా ఇవ్వొద్దని వాడికి ఇప్పుడే చెప్పి పెట్టండి.

అమెరికా మాట మనకెందుకు, మావాడు అత్తిబెలె దాటి బెంగళూరు వరకే పోతాడు అంటారా? అక్కడా ఇదే రెండో పేజీ ఉంది, కాకపోతే అక్కడ దాన్ని రాయనే రాయరు. ఈ చుట్టుపక్కల చిన్న కాలేజీలు యూనివర్సిటీ టోర్నమెంటు కోసం మంచి ఆటగాళ్లని పిలుచుకుంటాయి. “ఫీజు మాఫీ” అని పీటీ మాస్టరు నోటిమాటగా చెబుతాడు. మనసులో చెడ్డవాడేం కాదు, ఆయన చేతిలో ఏమీ లేదు. చేరాక తెలుస్తుంది, మాఫీ ట్యూషన్‌కే. హాస్టలుకి లేదు, మెస్సుకి లేదు, బస్సుకి లేదు, పరీక్ష ఫీజుకి లేదు. రెండో ఏడాది మోకాలు తిరిగింది, ఆట పోయింది. మాఫీ కూడా పోయింది. పాత ఫీజు కట్టి టీసీ తీసుకుపొమ్మన్నారు. నేను అప్లికేషన్ నింపిపెట్టిన పిల్లల్లోనే ఇద్దరికి ఇలా జరిగింది. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకుని, మెత్తగానే అయినా అడగండి.

అడగాల్సినవి ఎక్కువేం లేవు. మాఫీ దేనికి, ఎన్నేళ్లకి? దెబ్బ తగిలితే ఏమవుతుంది, ఆపరేషన్ ఖర్చు ఎవరిది? కోచ్ మారితే ఈ మాట నిలుస్తుందా? ఇది కాలేజీ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఇస్తారా? ఇస్తామంటే మంచిది. “నమ్మకం లేదా సార్?” అని ఎదురు అడిగితే, లేదని చెప్పడానికి మొహమాటపడొద్దు. మొహమాటం మన హోసూరు వైపు మొరసునాటి జబ్బు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ గడగడా మాట్లాడతాం, ఇంగ్లీషు కాగితం ముందు పెడితే తలూపి సంతకం పెట్టేస్తాం.

ఆడి బతకొచ్చు కదా, చదువు ఎలా పోతేనేం అనుకునే పిల్లలూ ఉన్నారు. వాళ్లకి ఒక సంగతి చూపించండి. 2025 జూలైలో మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్‌నే ఆపి పెట్టారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన ఆటగాళ్ల జీతాలు నిలిపేస్తున్నానని బయటికి చెప్పింది. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ తర్వాత జీతాలివ్వలేని స్థితికి వచ్చి, చివరికి ఊరే మారిపోయింది. అంతటి వాళ్ల గతే అలా ఉన్నప్పుడు, ఊరూపేరూ లేని అకాడమీ ఇచ్చే “ప్రో కాంట్రాక్ట్” ఎంత గట్టిది?

ఆట మానిపించమని నేను చెప్పడం లేదు. అంత పాపం మూట కట్టుకోలేను. దారులు ఉన్నాయి. డబ్బు అడగని దారులు. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ నడిపే హాస్టళ్లలో వసతి, తిండి, శిక్షణ ఉచితం. కృష్ణగిరిలో జిల్లా క్రీడల అధికారి ఆఫీసుకి పోయి ఎంపికలు ఎప్పుడో అడగండి. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకి 500 సీట్లు వేరుగా ఉన్నాయి. దానికి గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లే చెల్లుతాయి. ప్రైవేటు అకాడమీ అచ్చు వేసిచ్చే రంగు కాగితాలు చెల్లవు. బెంగళూరు వైపు ఆడించేముందు ఏ రాష్ట్రం తరఫున ఆడితే ఏ కోటా పోతుందో కూడా ఆ జిల్లా క్రీడల ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. అమెరికా ఆశ ఉంటే చెన్నైలో ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ కేంద్రం ఉంది, అమెరికా ప్రభుత్వ మద్దతుతో నడిచేది, సలహాకి డబ్బు తీసుకోదు. కోచ్ పేరు కాలేజీ సొంత వెబ్‌సైటులో వెతికి, అక్కడున్న చిరునామాకే నేరుగా మెయిల్ పెట్టించండి. మధ్యవాడు ఇచ్చిన నంబరుకి కాదు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఆ రోజా తోట ఆయన చేత అక్కడే, నా ముందే, ఆ కాగితం తెచ్చిచ్చిన మధ్యవాడికి ఫోన్ చేయించాను. నాలుగేళ్లకి మేము కట్టాల్సింది మొత్తం ఎంత, మావాడికి దెబ్బ తగిలితే ఈ 22,000 ఉంటాయా, లక్షన్నర దేనికి, రసీదు ఎవరి పేరు మీద ఇస్తారు, ఇవే అడిగించాను. అటువైపు నుంచి ఒకే జవాబు: “అంకుల్, సీట్లు రెండే ఉన్నాయి, శుక్రవారం దాటితే పోతుంది.”

శుక్రవారం దాటిపోయింది. నిన్న ఆయన నుంచి ఫోన్ వచ్చింది. సీటు ఇంకా ఉందంట. లక్షన్నర కాస్తా లక్ష అయిందంట.