మూడు నదుల ఊరు - పస్సౌ

జర్మనీలో ఉంటున్నామనగానే మన బంధువులు "బెర్లిన్‌లోనా, మ్యూనిక్‌లోనా?" అని అడుగుతారు. పస్సౌ అంటే "అదెక్కడ?" అంటారు. అందుచేత మేము కాపురముంటున్న ఈ ఊరిని ఈ నెల చదువరులకు పరిచయం చేస్తాము.

పస్సౌ బవేరియాకు తూర్పు కొసన, ఆస్ట్రియా సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. జనం యాభై వేల పైచిలుకు. ఊరు చిన్నదైనా నదులు మూడు. పడమటి నుంచి డాన్యూబు, దక్షిణాన ఆల్ప్స్ కొండల నుంచి ఇన్, ఉత్తరాన అడవుల్లోంచి ఇల్త్స్ వచ్చి ఇక్కడ కలుస్తాయి. పాత ఊరంతా డాన్యూబుకూ ఇన్‌కూ నడుమ నాలుకలా సాగిన నేల మీద ఉన్నది. ఆ కొసన నిలబడి చూస్తే మూడు నీళ్ళకూ మూడు రంగులు. మంచుకొండల నీరు కనుక ఇన్ పాలు కలిపిన ఆకుపచ్చగా ఉంటుంది. చిత్తడి నేలల మీదుగా వచ్చే ఇల్త్స్ కాఫీ డికాక్షనులా నల్లగా ఉంటుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే డాన్యూబుకంటే ఇన్ తెచ్చే నీరే కొంచెం ఎక్కువ. అయినా కలిసిన తరువాత పేరు డాన్యూబుదే. ఎంత సారె తెచ్చిన కోడలికైనా అత్తవారి ఇంటిపేరే కదా!

ఇక్కడ రోమనులు దండు దింపినప్పుడు బటావులనే జాతి సైనికులు ఉండేవారు. వారి పేరే మారుతూ మారుతూ పస్సౌ అయినది. 739లో ఇది బిషప్పుల పీఠమయినది. ఆ తరువాత 1217 నుంచి 1803 దాకా బిషప్పులే ఇక్కడి ప్రభువులు కూడా. 1219లో డాన్యూబుకు ఆవలి గట్టున, కొండమీద కోట మొదలుపెట్టారు. ఆ కోట బయటి శత్రువులకే కాదు, ఊరివారికీ భయం చెప్పడానికే. బిషప్పుల పెత్తనం సహించలేక ఊరివారు 1298లోనూ 1367లోనూ తిరగబడ్డారు, ఓడిపోయారు.

ఊరికి సిరి తెచ్చినది ఉప్పు. ఆల్ప్స్ ప్రాంతపు ఉప్పు పడవల్లో ఇన్ మీదుగా వచ్చి ఇక్కడ దిగేది. ఇక్కడి నుంచి గుర్రాల వీపున అడవిదారిన బొహీమియాకు పోయేది. వచ్చేటప్పుడు ఆ గుర్రాలే ధాన్యం మోసుకొచ్చేవి. ఆ దారికి 'బంగారు బాట' అని పేరు. 1662లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలావరకు బూడిద అయింది. ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్ళు మళ్ళీ కట్టారు. నేడు సందుల్లో కనిపించే కమానులూ, సెయింట్ స్టీఫెన్ చర్చిలోని తెల్లని సున్నపు శిల్పమూ ఆ పునర్నిర్మాణపు ఫలమే. ఆ చర్చిలోని ఆర్గాన్ వాద్యానికి 17,974 గొట్టాలు. అది మోగితే కూర్చున్న బల్ల కూడా అదురుతుంది.

ఇవన్నీ చూడదగినవే. అయితే చుట్టాలు వచ్చినప్పుడు మేము మొదట తీసుకుపోయేది డాన్యూబు గట్టున ఉన్న పురపాలక భవనం గోడ దగ్గరికి. ఆ గోడ మీద వరదల ఎత్తు గీతలు గీసి, పక్కన సంవత్సరాలు వేశారు. అన్నిటికంటె పైన ఉన్నది 1501. దాని కిందనే 2013. మామూలు రోజుల్లో కొలబద్ద మీద నాలుగైదు మీటర్లుండే డాన్యూబు, 1954లో 12.20 మీటర్లకు వచ్చింది. 2013 జూన్ 3న 12.89 మీటర్లకు ఎక్కింది. చుట్టూ నీరే, కొళాయిలో మాత్రం చుక్క లేదు. మంచినీటి సరఫరా ఆపవలసి వచ్చింది. నీరు తీశాక కింది అంతస్తుల నిండా బురద. 1978లో తెరిచిన ఇక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థులు పారలు పట్టుకొని, ముక్కూ మొహం తెలియని వారి ఇళ్ళు కడిగిపెట్టారు. పరాయి ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఆ వారంలో ఈ ఊరివారయ్యారు. తరతరాలుగా పరాయి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

2024 జూన్‌లో నీరు మళ్ళీ దాదాపు 10 మీటర్లకు వచ్చింది. అయినా జనం ఊరు వదిలిపోరు, నదిని తిట్టరు. నీరు పెరుగుతున్నదని వార్త రాగానే సామాను మేడమీదికి ఎక్కిస్తారు. ఎంతవరకు ఎక్కించాలో వారికి తెలుసు, గోడ చెబుతుంది కనుక.

గోదావరి పొంగు చూసిన యానాం చదువరులకు వరద కొత్త కాదు. "నీళ్ళు ఈ కిటికీ దాకా వచ్చాయర్రా" అని మన ఇళ్ళలో తాతలు చెబుతారు. తాతతోనే ఆ లెక్కా పోతుంది. తరువాత కొన్నవాడు ఆ కిటికీ కిందనే బియ్యం బస్తాలు పెడతాడు. గోడ మీద ఒక గీతకూ, పక్కన నాలుగు అంకెలకూ అయ్యే ఖర్చు ఎంత? పెద్దలు ఉండగానే వారిని అడిగి ఆ గీత గీయించండి. పస్సౌ వరకు రాలేనివారు కూడా ఈ ఊరి నుంచి ఇంటికి పట్టుకుపోగలిగినది ఇదొక్కటి ఉన్నది.