వాయిదా ఎవరికి? తొందర ఎవరికి?

వాయిదా అనే మాట మనకు కొత్త కాదు. పెసా చట్టం 1996లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి రూల్స్ రాయడానికి 2011 దాకా పట్టింది. అంటే పదిహేనేళ్లు. అడిగిన ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అన్నారు.

ఇప్పుడు ఫ్యాక్టరీ పని గంటల చట్టాల దగ్గర కూడా అదే మాట వినిపిస్తోంది. ఏజెన్సీ వాళ్లకు ఫ్యాక్టరీతో ఏం పని అంటావా తమ్ముడూ? మన ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ మనకే ఇచ్చిన జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డిగ్రీ చదివినోడు కూడా మేస్త్రీ వెంట కంపెనీకి పోతున్నాడు. నీ ఊళ్లోనే లెక్కపెట్టి చూడు.

కార్మికుల భద్రత కోడ్ 2020 సెప్టెంబరులో పార్లమెంటు దాటింది. అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. ఆ ఐదేళ్లు వాయిదాల మీద వాయిదాలే. అందులో చెడ్డవి చాలా ఉన్నాయి: కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. సంఘాలు వద్దన్నది ఊరికే కాదు. కానీ అపాయింట్‌మెంటు లెటరు, ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష కూడా అందులోనే ఉన్నాయి. ఐదేళ్లు ఆగిపోయిన వాటిలో ఇవీ ఉన్నాయి.

మరి పని గంటలు పెంచడం ఆగిందా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో క్యాబినెట్ ఒప్పుకుంది, సెప్టెంబరులో అసెంబ్లీ దాటేసింది. రోజుకు 9 గంటలు 10 అయ్యాయి. మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ పరిమితి 144కు పోయింది. తెలంగాణ సంగతి ఇంకా దారుణం. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా పోయారు, చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లే. ఆ తర్వాత ఐదు రోజులకే వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి జీవో వచ్చింది. అది ఫ్యాక్టరీల జీవో కాదు, నిజమే. అయినా ఆ వేగం చూడు. వారానికి 48 గంటలు మారలేదు కదా అంటారు. హాజరు పుస్తకం మేస్త్రీ చేతిలో ఉన్నప్పుడు వారం లెక్క ఎవరు చూస్తారు?

మనకు పనికొచ్చే వాయిదా ఒకటుంది. తమిళనాడులో 12 గంటల పనికి దారి తీసే బిల్లు 2023 ఏప్రిల్ 21న అసెంబ్లీలో పాసైంది. సంఘాలన్నీ లేచాయి, ప్రభుత్వంతో కలిసున్న పార్టీలు కూడా వద్దన్నాయి. మూడు రోజుల్లో పక్కన పెట్టారు. మే డే నాడు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. అక్కడ సంఘాలకు బలముంది. మన పిల్లలు కంపెనీలో ఏ సంఘంలోనూ ఉండరు, కాంట్రాక్టరు ఫోన్ నంబరు తప్ప ఏమీ తెలీదు.

ఇంకో చిక్కు. వలస కార్మికుడికి ఇంటికి వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలని కోడ్ చెప్తుంది. అది రాష్ట్రం దాటినవాళ్లకే. పాడేరు నుంచి అచ్యుతాపురం పోయినోడు ఆ లెక్కలోకి రాడు. కొండ దిగడం వలస కాదంట!

అందుకే చెల్లీ, తమ్ముడూ, ఎక్కిన టైమూ దిగిన టైమూ రోజూ చిన్న నోటుబుక్కులో రాసుకోండి. ఓటీకి రెట్టింపు కూలి చట్టంలోనే ఉంది, ఆ నోటుబుక్కు పట్టుకుని అడగండి. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చే గ్రామసభలో ఒక రిజిస్టరు తెరవండి: ఎవరు పోయారు, ఏ కంపెనీకి, ఏ మేస్త్రీ వెంట, రోజుకు ఎన్ని గంటలు. దానికి ఏ ప్రభుత్వ రూల్సు కోసమూ ఆగక్కర్లేదు.