మూసకు ఒదగని పద్యం: పరిశోధన పత్రికల టెంప్లేట్లపై ఒక ఆక్షేపం

తెలుగు పరిశోధన వ్యాసాలను ఆహ్వానించే పలు పత్రికలు వ్యాసకర్తలకు ఒక టెంప్లేట్ పంపుతున్నాయి. అందులో తరచుగా కనిపించే నిబంధన అక్షరరూపానికి సంబంధించినది: టైమ్స్ న్యూ రోమన్, 12 పాయింట్లు. టైమ్స్ న్యూ రోమన్‌లో తెలుగు అక్షరాలు లేవు. దానిని ఎంచుకొని తెలుగులో టైపు చేస్తే కంప్యూటరు తనకు తోచిన మరో ఫాంటును తెచ్చి ఆ స్థానంలో నిలుపుతుంది. నిబంధన పాటించినట్లూ అవుతుంది, పాటించనట్లూ అవుతుంది. విషయం చిన్నదే. కాని ఆ పత్రం పుట్టుపూర్వోత్తరాలను అది బయటపెడుతున్నది. ఇతర శాస్త్రాల పత్రికల కోసం తయారైన మూసను తీసుకొని, పైన పేరు మార్చి, తెలుగు పరిశోధకుని చేతికి ఇచ్చారు. తెలుగు వ్యాసాన్ని ఎదుట పెట్టుకొని కొలతలు తీసినవారు ఆ పత్రం వెనుక ఉన్నట్లు తోచదు.

టెంప్లేట్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. ఒకటి వ్యాసం బాహ్యరూపాన్ని నిర్ణయించడం, రెండవది వ్యాసంలోని వాదం ఏ క్రమంలో నడవాలో శాసించడం. మొదటి పనిపై ఆక్షేపణ లేదు; నిజానికి అక్కడ మన పత్రికలు చూపుతున్న పట్టుదల చాలదు. అను ఫాంట్లలో కూర్చిన వ్యాసం అచ్చులో చూడముచ్చటగానే ఉంటుంది. యంత్రానికి మాత్రం అది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న రోమను సంకేతాల గుంపు. అందులో తిక్కన కోసం వెతికితే తిక్కన దొరకడు. యూనికోడ్‌లో లేని వ్యాసాన్ని స్వీకరించబోమని ఒక్క వాక్యం రాయడానికి వెనుకాడే సంపాదకమండళ్లే, ఉపశీర్షికకు ఎన్ని పాయింట్లో చెప్పడానికి పేజీలు కేటాయించడం విడ్డూరం.

బాహ్యరూపంలోనైనా కొలత తెలుగుదై ఉండాలి. పంక్తుల మధ్య ఎడాన్ని కచ్చితమైన పాయింట్లకు బిగిస్తే వత్తులు తెగిపోతాయి. పేజీని రెండు కాలమ్‌లుగా చీల్చితే పద్యం విరుగుతుంది. మత్తేభపాదంలో 20 అక్షరాలు, 14వ అక్షరం యతిస్థానం. సంయుక్తాక్షరాలతో నిండిన అలాంటి పాదం ఇరుకు కాలమ్‌లో పట్టక సగం కిందికి జారితే, పాదం ఎక్కడ ముగిసిందో, యతి ఎక్కడ పడిందో కన్ను పట్టుకోలేదు. యతిమైత్రిని చర్చించే వ్యాసంలోనే యతి కనబడకుండా పోవడం కంటే వేరే నిదర్శనం ఏం కావాలి?

ఇంతకంటే లోతైన గాయం ఉపప్రమాణాల దగ్గర ఉంది. రచయిత పేరు, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్య అనే పద్ధతి సమకాలిక గ్రంథాలకు చక్కగా సరిపోతుంది. దానిని ప్రాచీన కావ్యాలకు యథాతథంగా అంటగడితే సి.పి. బ్రౌన్ సంకలనం వెలువడిన సంవత్సరాన్ని బట్టి ‘వేమన, 1829’ అని రాయవలసి వస్తుంది. వేమన కాలంపై పండితుల వాదం ఇంకా ముగియలేదు. ఈ పద్ధతి దానిని ఒక్క కుండలీకరణంతో ముగించేస్తుంది. కవిత్రయ భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇవ్వడం మన పండితులు స్థిరపరచిన మర్యాద. ఏ ముద్రణ చేతిలో ఉన్నా పాఠకుడు ఆ పద్యం పరిసరాలకు చేరుకోగలడు. సంఖ్యలు ముద్రణను బట్టి కొంత జరగవచ్చు. అందుకే పరిష్కర్త పేరు, ముద్రణ పేరు కూడా కావాలి. టెంప్లేట్‌లో పరిష్కర్తకు గడి లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు తాళపత్రాలను పోల్చి, పాఠాన్ని నిర్ణయించి చేసిన శ్రమకు అందులో చోటు లేదు. ప్రచురణకర్తకు మాత్రం ఉంది. శాసనాలదీ అదే స్థితి. దక్షిణ భారత శాసనాల 10వ సంపుటంలోని శాసనాన్ని పుటతో కాక శాసనసంఖ్యతో పేర్కొనాలని చరిత్ర విద్యార్థికి తెలుసు, టెంప్లేట్‌కు తెలియదు.

పేర్ల సంగతి మరీ విచిత్రం. ఇంటిపేరు చివర ఉండే సమాజాలు దానిని ముందుకు తెచ్చి, మధ్య కామా పెట్టుకున్నాయి. మనకు ఇంటిపేరు మొదటే ఉంది. అయినా కామా కోసం పేరును తిరగేసి ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని రాస్తున్నాము. విశ్వనాథ కోసం ‘వ’ దగ్గర వెతికే పాఠకుడు ‘స’ దగ్గరికి వెళ్లాలి. గురజాడ, గిడుగు ఇంటిపేర్లతో ప్రసిద్ధులు. జాషువ సొంత పేరుతో ప్రసిద్ధుడు. శ్రీశ్రీ, ఆరుద్ర కలంపేర్లతో. వీరందరినీ ఒకే గడిలో కుదించే నియమం ఏదీ లేదు. గ్రంథం ముఖపత్రంపై ఉన్న పేరును ఉన్నట్లే ఇచ్చి, అకారాదిగా పేర్చితే చాలు. జానపద వాఙ్మయం దగ్గర ఈ గడి మరింత నవ్వులపాలవుతుంది. పాట పాడిన వ్యక్తి రచయితా? కాదు. మరి ఆమె పేరెక్కడ రాయాలి? మూసలో చోటు లేదు గనుక ఆమె వ్యాసం నుంచే జారిపోతుంది, పాట మాత్రం సేకర్త పేరు కింద మిగులుతుంది.

ఇక వాదక్రమం. పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే విభజన ప్రయోగశాస్త్రాలలో స్థిరపడింది. ప్రయోగం ఎలా చేశారో విడిగా చెబితేనే మరొకరు దానిని తిరిగి చేసి చూడగలరు గనుక అక్కడ దానికి అర్థం ఉంది. సాహిత్య విద్యలోనూ ఆ అవసరం లేకపోలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం వంటి పనికి పదాలను ఎక్కడ, ఎవరి నుంచి, ఎలా సేకరించారో చెప్పక తప్పదు. గణవిభజనను లెక్కగట్టే ఛందోవ్యాసానికీ అంతే. కాని అరణ్యపర్వంలో నన్నయ ఎక్కడ ఆగాడు, ఎఱ్ఱన ఎక్కడ అందుకున్నాడు అన్న ప్రశ్నను తీసుకుందాం. ఎఱ్ఱన నన్నయ ధోరణిలో రాసి, తన పూరణను రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. ఆ అతుకును గుర్తించాలంటే పద్యం తర్వాత పద్యం చదవాలి, సమాసాల పోకడను, పదాల ఎన్నికను, కథాగమనాన్ని ఒకదానితో ఒకటి తూచాలి. అక్కడ చదవడమే పద్ధతి. ఫలానా పద్యం నన్నయది అన్న ఫలితం, ఎందుకు నన్నయదో చెప్పే చర్చ నుంచి విడిగా లేదు. రెండింటినీ రెండు శీర్షికల కింద విడదీస్తే ఫలితాల భాగం ఒట్టి ప్రకటనగా, చర్చ దాని పునరుక్తిగా మిగులుతాయి. ‘పద్ధతి’ అన్న శీర్షిక కింద రాయడానికి ఏమీ లేక, వర్ణనాత్మక, విశ్లేషణాత్మక పద్ధతులను అనుసరించినట్లు ఒక వాక్యం చేరుతుంది. ఏ వ్యాసంలోనైనా ఇమిడే ఆ వాక్యం ఏ వ్యాసం గురించీ ఏమీ చెప్పదు.

టెంప్లేట్ సమర్థకుల వాదంలో తోసిపుచ్చరాని అంశం ఒకటి ఉంది. పేరున్న ఆచార్యుని పర్యవేక్షణ, పెద్ద గ్రంథాలయం అందుబాటు లేని విద్యార్థికి వ్యాసం ఎలా ఉండాలో చెప్పేవారు లేరు. మూస అతనికి ఊతం అన్నది వారి మాట. నిజమే. అందరికీ ఒకే నియమం ఉన్నప్పుడు పరిచయస్తులకు ఒక తూకం, పరాయివారికి ఒక తూకం అన్న అనుమానమూ తగ్గుతుంది. కాని ఆ ఊతం అతణ్ణి ఎక్కడికి నడిపిస్తున్నది? గడులు నింపితే వ్యాసమైందన్న భ్రమ దగ్గరికి. ప్రత్యర్థి వాదాన్ని దాని బలంతో సహా చెప్పు అని ఏ గడీ అతణ్ణి అడగదు. మన శాస్త్రసంప్రదాయం మాత్రం అడిగింది. మీమాంసకుల అధికరణంలో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి ఐదు అంగాలు. గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే అనుబంధచతుష్టయాన్ని చెప్పాలన్నదీ ఒక మూసే. అవి వాదం లోపలి అవసరం నుంచి పుట్టాయి. పూర్వపక్షం లేని అధికరణం అసంపూర్ణం. పూర్వపక్షం లేని పరిశోధన వ్యాసం నేడు టెంప్లేట్ పరీక్షలో సునాయాసంగా గట్టెక్కుతున్నది. పేర్ల మధ్య కామా తప్పిన వ్యాసం మాత్రం సమీక్షకుని దాకా చేరకుండానే వెనక్కి రావచ్చు.

మూస అన్న మాటకే ఉలిక్కిపడనక్కరలేదు. ప్రబంధ అవతారికకు ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అనే క్రమం ఉండేది. ఆ చట్రంలోనే తిక్కన స్వప్నంలో తండ్రిని, హరిహరనాథుని దర్శించాడు. కృష్ణరాయలు ఆంధ్రవిష్ణువును తెలుగు గురించి మాట్లాడించాడు. చట్రం కావ్యం కోసం ఉంది గనుక కావ్యం దానిని సాగదీసుకోగలిగింది.

అధికారుల ఒత్తిడి అన్న సాకు కూడా ఇప్పుడు పలుచబడింది. పరిశోధకులు సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న నియమాన్ని యూజీసీ 2022 నిబంధనల్లో వదులుకుంది. కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది. పత్రిక ప్రమాణాలను నిర్ణయించుకోవలసిన బాధ్యత ఇప్పుడు శాఖల మీదనే పడింది. ఏ శాఖ అయినా తన సమావేశంలో ఒక్క పూట కూర్చుంటే తెలుగు వ్యాసానికి తగిన పత్రాన్ని రాసుకోవచ్చు. అందులో యూనికోడ్ తప్పనిసరి కావాలి. పద్యం ఒకే కాలమ్‌లో పాదం విరగకుండా ఉండాలి. కావ్యానికి ఆశ్వాస, పద్య సంఖ్యలు, పరిష్కర్త, ముద్రణ. శాసనానికి సంపుటం, సంఖ్య. తాళపత్రానికి భాండాగారం, ప్రతి సంఖ్య. పాటకు పాడినవారి సమ్మతి ఉంటే వారి పేరు, ఊరు, సేకరించిన తేదీ ఇవ్వాలి. వాదం ఏ శీర్షికల కింద నడవాలో రాయనక్కరలేదు. దానికి బదులు సమీక్షకునికి పంపే పత్రంలో ఒక ప్రశ్న చేర్చాలి: ఈ వ్యాసం ఎవరి అభిప్రాయాన్ని ఖండిస్తున్నది లేదా సవరిస్తున్నది, ఆ అభిప్రాయాన్ని న్యాయంగా చెప్పిందా?