ముక్క పరీక్ష లేకుండానే ముద్రా?

మెడ మీద బిళ్ల కడుతుంది. నొప్పి ఉండదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. ఊళ్లో ఆరెంపీ నాలుగు రోజులు యాంటీబయాటిక్ ఇస్తాడు. తగ్గకపోతే 'గడ్డ కరిగే ఇంజక్షన్' పొడుస్తాడు. అదీ పనిచేయకపోతే పట్నం ప్రయాణం. అక్కడ ఎక్స్‌రే, రక్తపరీక్ష అయ్యాక డాక్టర్ ఒక మాట అంటాడు: 'టీబీ అయి ఉండొచ్చు, ఆర్నెల్లు మందులు వాడి చూద్దాం.' ఆ 'అయి ఉండొచ్చు' మీద నమ్మకం పెట్టి పిల్లలు ఆరు నెలలు మందులు మింగుతున్నారు. అది టీబీయే అయితే సరే. కాకపోతే ఆ ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు?

టీబీని అనుమానించడం తప్పని మేము అనడం లేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో మెడ గ్రంథులకు వచ్చేదే ఎక్కువ. మన పెద్దలు గండమాల అన్నది చాలావరకు దీన్నే. కాబట్టి డాక్టర్ ముందు టీబీని తలచుకోవడం సహజం. తలచుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. మా పేచీ అంతా అక్కడే.

లింఫు అనగానే మనకు గుర్తొచ్చేది బోదకాలు. దానికి రాత్రిపూట రక్తం తీసి చూసే పరీక్ష ఉంది. మెడలో, చంకలో, గజ్జల్లో లేచే గడ్డల సంగతి వేరు. ఒంట్లో కొన్ని వందల లింఫు గ్రంథులుంటాయి. రోగంతో కొట్లాడే తెల్లకణాలకు అవి ఠాణాల వంటివి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కట్టేది అందుకే. టీబీ వచ్చినా అవే ఉబ్బుతాయి, క్యాన్సర్ వచ్చినా అవే ఉబ్బుతాయి, వేలల్లో ఒకరికి వచ్చే అరుదైన జబ్బుకూ అవే ఉబ్బుతాయి. చేత్తో తడిమి ఇది ఫలానా అని ఎంతటి డాక్టరైనా ఖాయంగా చెప్పలేడు.

ఈ గందరగోళం కొత్తది కాదు. లండన్‌లో థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఈ గ్రంథుల జబ్బు గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని టీబీతో కలిపి చూసినవాళ్లున్నారు. 1898లో ఆ గడ్డల్లోని వింత కణాలను వర్ణించిన స్టెర్న్‌బర్గ్ కూడా అది టీబీలో ఒక రకమనే అనుకున్నాడు. 1902లో అమెరికాలో డొరతీ రీడ్ అనే యువ డాక్టర్ సూక్ష్మదర్శిని కింద గ్రంథి ముక్కలను పరిశీలించి, ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని తేల్చింది. నూటా ఇరవై ఏళ్ల కింద ఒక ఆడపిల్ల ముక్కను చూసి తేల్చిన సంగతిని మనం ఇవాళ ముక్క చూడకుండా ఊహిస్తున్నాం.

హాడ్జ్‌కిన్ లింఫోమా ఎక్కువగా యువతీయువకులకు వచ్చే క్యాన్సర్. తొలి దశలో పట్టుకుంటే అత్యధికులకు నయమవుతుంది. అలాంటి జబ్బుకు టీబీ మందులు మింగిస్తూ కూర్చుంటే, నయమయ్యే దశను మన చేతులతో మనమే దాటించినట్టు.

దీనికి రెండో వైపూ ఉంది. 1972లో జపాన్‌లో కికుచి అనే డాక్టర్ ఒక జబ్బును గుర్తించాడు. ఇరవై, ముప్పై ఏళ్ల వాళ్లకు, అందులో ఆడపిల్లలకు ఎక్కువగా వస్తుంది. మెడలో గడ్డలు, జ్వరం. చూస్తే టీబీలానే ఉంటుంది, లేదా క్యాన్సరేమోనని భయపెడుతుంది. కానీ కొద్ది నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి తర్వాత లూపస్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్‌కు కనిపిస్తూ ఉంటే చాలు. హాస్టల్లో చదువుకునే పిల్లకు ఈ జబ్బు వస్తే, ముక్క పరీక్ష లేనందువల్ల ఆరు నెలలు కాలేయానికి భారమైన మందులు మింగాలా? పైగా ఆ గడ్డ ఎలాగూ తగ్గుతుంది కాబట్టి 'టీబీ మందులు పనిచేసినయి' అని అందరూ నమ్ముతారు. తప్పు దొరకను కూడా దొరకదు.

మరీ అరుదైనది కాసిల్‌మన్ వ్యాధి. బోస్టన్‌లో బెంజమిన్ కాసిల్‌మన్ 1956లో 13 మంది రోగుల వివరాలతో దీన్ని లోకానికి చెప్పాడు. ఒక్కచోటే గడ్డ ఉంటే దాన్ని పూర్తిగా తీసేస్తే చాలావరకు తగ్గిపోతుంది. పలుచోట్ల లేచే రకం ప్రాణాల మీదికి తెస్తుంది. 2010లో డేవిడ్ ఫైగెన్‌బామ్ అనే అమెరికా వైద్య విద్యార్థికి ఒక్కసారిగా కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పేరు తెలియని జబ్బుతో చావు అంచుదాకా పోయాడు. చివరికి గ్రంథి ముక్క పరీక్షలో కాసిల్‌మన్ అని తేలింది. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడితే తన నమూనాలనే తాను పరిశోధించుకున్నాడు. 2014లో కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే సిరోలిమస్ అనే మందు మొదలుపెట్టి నిలబడ్డాడు. పేరు తెలియడంతోనే ఆ పోరాటం మొదలైంది. పలుచోట్ల వచ్చే కాసిల్‌మన్ నిర్ధారణకు 2017లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ గ్రంథి ముక్క పరీక్ష తప్పనిసరి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన దగ్గర ముందుగా చేసేది సూది పరీక్ష. సన్నని సూదితో కొన్ని కణాలు లాగి చూస్తారు. టీబీని పట్టడానికి అది మంచిదే. ఖర్చు తక్కువ, కుట్లు ఉండవు. కానీ గోడలో నాలుగు ఇటుకలు పీకి చూస్తే ఇల్లు ఎట్ల కట్టిండ్రో తెలియదు. లింఫోమా, కాసిల్‌మన్ వంటి జబ్బులు గ్రంథి లోపలి కట్టడంలో బయటపడతాయి. అందుకే సూదితో తేలనప్పుడు వీలైతే గ్రంథిని పూర్తిగా తీసి పంపాలి. సూది పరీక్షలో 'ఏమీ లేదు' అని వస్తే, గడ్డ పెరుగుతూనే ఉంటే, అది 'ఏమీ లేదు' అని అర్థం కాదు. ఇంకా తేలలేదని అర్థం.

తీసిన ముక్కను ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. సూక్ష్మదర్శిని పరీక్షకు ఫార్మలిన్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో టీబీ క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరాదు. కాబట్టి కొంత భాగాన్ని విడిగా సెలైన్‌లో పంపాలి. థియేటర్‌లో ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోతే రోగి మళ్లీ కత్తి కిందికి పోవాలి. అట్లాగే ముక్క తీయకముందే స్టెరాయిడ్ ఇస్తే గడ్డ తాత్కాలికంగా కరిగి లింఫోమా ఆనవాళ్లు చెదిరిపోతాయి. 'గడ్డ కరిగే ఇంజక్షన్' చేసే చేటు అదే.

'కత్తి పెడితే జబ్బు ఒళ్లంతా పాకుతది' అనే భయం మన ఇళ్లల్లో బలంగా ఉంది. లింఫు గ్రంథి విషయంలో ఈ భయానికి ఆధారం లేదు. మెడ పక్కన భుజాన్ని ఎత్తే నరం ఒకటి పోతుంది కాబట్టి అనుభవమున్న సర్జన్ చేయాలి. అంతవరకే జాగ్రత్త. ప్రతి బిళ్లకూ కోత అక్కర లేదు. కానీ నాలుగు వారాలు దాటినా తగ్గనిది, పెరుగుతున్నది, గట్టిగా రాయిలా ఉన్నది, కాలర్ ఎముక పైన లేచినది, జ్వరంతో, రాత్రి చెమటలతో, బరువు తగ్గడంతో కలిసి వచ్చినది అయితే విద్యార్థులైనా, ఉద్యోగులైనా డాక్టర్‌ను నేరుగా అడగండి: 'సార్, ఇది టీబీ అని దేంతో తేలింది?' అడగడం అమర్యాద కాదు. పరీక్ష రిపోర్టు, స్లైడ్లు, మైనపు దిమ్మెలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోండి. రెండో డాక్టర్‌కు అవే కావాలి.

ఇక సర్కారుకు. 2024 నాటికి దాదాపు ప్రతి జిల్లాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కాలేజీ అంటే పాథాలజీ విభాగం ఉండాల్సిందే. ఆ విభాగం పిల్లలకు పాఠం చెప్పడానికేనా, జిల్లా రోగుల ముక్కలు చదవడానికి కూడానా? అసిఫాబాద్ రోగి ముక్క హైదరాబాద్ దాకా బస్సెక్కి, రిపోర్టు కోసం కొడుకు కొలువుకు సెలవు పెట్టి తిరిగే రోజులు పోవాలి. సర్జన్, థియేటర్, ఫార్మలిన్ డబ్బా, చదివే పాథాలజిస్టు జిల్లాలోనే ఉండాలి. కణాల రకాన్ని తేల్చే ప్రత్యేక రంగుల పరీక్ష అన్నిచోట్లా సాధ్యం కాకపోతే, నిమ్స్, ఎంఎన్‌జే వంటి పెద్ద దవాఖానలకు స్లైడ్లు పోవాలి, రోగి పోవద్దు. రిపోర్టుకు గడువు ఉండాలి.

అరుదైన జబ్బు అంటే లెక్కలో అరుదు. వచ్చిన ఇంట్లో అది నూటికి నూరు పాళ్లు. ఆ ఇంటికి 'అయి ఉండొచ్చు' చాలదు. ముందు ముక్క చదవండి, తర్వాత పేరు పెట్టండి, ఆ తర్వాతే మందు రాయండి.