బర్మాలోనూ మనవాళ్లున్నారు

మినుముల ధర పెరిగినప్పుడో, మ్యావడ్డీ సైబర్ మోసాల శిబిరాల నుంచి మన పిల్లలు బయటపడినప్పుడో తప్ప బర్మా, అంటే ఇప్పటి మయన్మార్ పేరు మన పత్రికల్లో పెద్దగా కనిపించదు. నేను పుట్టింది ఆ దేశంలోనే. మా తాత కాకినాడలో ఓడెక్కి మౌల్మీన్ రేవులో కూలీగా చేరాడు. 1988 ఉద్యమాన్ని సైన్యం తుపాకులతో అణిచేశాక నేను విశాఖ వచ్చేశాను. తమ్ముడు రంగూన్‌లోనే ఉండిపోయాడు.

2020 నవంబరు ఎన్నికల్లో సూచీ పార్టీ ఘనంగా గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఆమెను నిర్బంధించి గద్దెనెక్కింది. ఆ వారమంతా రాత్రి ఎనిమిదికి తమ్ముడి వీధిలో జనం గిన్నెలు, పళ్లేలు మోగించారు. ఇంట్లో చొరబడ్డ చెడును తరమడానికి అక్కడివాళ్లు చేసే పని అది. ఫోన్లో ఆ మోత విని ఈసారి సైన్యం నిలవదనిపించింది. నిలిచింది.

అప్పట్లో డాలరుకు అక్కడి డబ్బులో 1,330 క్యాట్లు. 2022లో అధికారిక రేటును 2,100 దగ్గర కట్టేశారు. బయటి బజారులో 4 వేలు దాటిపోయింది. తమ్ముడి బీపీ మాత్రలు మన దేశం నుంచే వెళ్తాయి. క్యాటు పడిపోయిన కొద్దీ వాటి ధర అందకుండా పోతే రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. ఈ సంగతి వాడు చెప్పలేదు, మరదలు చెప్పింది.

డబ్బు కష్టం ఎలాగో ఈదుతారు. నా భయం వాడి కొడుకు గురించి. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడపిల్లలు దాని కిందికి వస్తారు. కొన్ని నెలలకే మగవాళ్లు విదేశీ కొలువులకు వెళ్లే అనుమతులూ ఆపేశారు. ‘చీకటి పడితే గడప దాటట్లేదు పెదనాన్నా’ అంటాడు వాడు. సొంత ఊళ్లనే కాల్చే సైన్యంలో వాడు చేరాలా?

సైన్యం గద్దెనెక్కిన అయిదో నెలలోనే, అంటే 2021 జూన్‌లో, మన కేంద్రం ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొనేందుకు ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. కొనొద్దని నేననను. అక్కడి రైతుకు అదే ఆధారం. కానీ పప్పు కోసం మాట్లాడగలిగినవాళ్లు మనుషుల కోసమూ మాట్లాడాలి.

1964లో బర్మాలో దుకాణాలు జాతీయం చేసినప్పుడు కట్టుబట్టలతో వచ్చినవారిని మన రాష్ట్రం ఆదుకుంది. విశాఖలో బర్మా క్యాంపు ఆ తరం వాళ్లదే. 2022లో ఉక్రెయిన్ నుంచి వచ్చిన విద్యార్థుల కోసం రెండు తెలుగు ప్రభుత్వాలూ పరుగులు తీశాయి. కానీ బర్మా తెలుగువాళ్లు మన ఓటర్లు కారు, మన పౌరులూ కారు. అక్కడి 1982 పౌరసత్వ చట్టమూ మా వాళ్లలో ఎందరికో పూర్తి పౌరసత్వం ఇవ్వలేదు.

ముత్తాత ఈ దేశంవాడైతే ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డుకు అర్హత ఉంది. నిరూపించే కాగితాలే లేవు. నూరేళ్ల కిందటి ఓడ టికెట్టు ఎవరు దాస్తారు? అక్కడి తెలుగు సంఘాల, రామాలయాల రిజిస్టర్లను ఆధారంగా తీసుకోమని మన ముఖ్యమంత్రులిద్దరూ కేంద్రాన్ని అడగాలి. ఆంధ్రా యూనివర్సిటీలో, ఉస్మానియాలో ఆ పిల్లలకు ఫీజు లేని సీట్లు కొన్ని కేటాయించాలి. వచ్చే విద్యా సంవత్సరానికే ఇది జరగాలి. తమ్ముడి కొడుక్కి ఇరవై రెండేళ్లు.