శంఖినీ నది ఎరుపు ఎవరి పాపం?

బస్తర్ అడవులలోని బైలదిల్లా కొండల నుంచి దిగివచ్చే శంఖినీ నది దంతెవాడలో దంతేశ్వరీ ఆలయం చెంత డంకినితో సంగమించి, ఇంద్రావతి ద్వారా గోదావరిలో కలుస్తుంది. గనుల మట్టితో ఈ నది ఎర్రబారుతోందని పరీవాహక గ్రామాల ఆదివాసులు దశాబ్దాలుగా మొరపెట్టుకొంటున్నారు. కొండలే ఇనుప రాయి అయినపుడు నీరు ఎర్రబడడంలో వింతేముందనే వాదన కూడా లేకపోలేదు. ఈ వాదనలో కొంత నిజం ఉన్నది. అయితే ఆ కొంత నిజాన్ని అడ్డుపెట్టుకొని మిగిలినదంతా దాటవేయడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

ప్రకృతి ఈ కొండలపై చేసిన పని లక్షల సంవత్సరాలది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకొన్న వాన నీరు స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అది రాతిలోని సిలికాను కొద్దికొద్దిగా కడిగివేయగా, నీటిలో సులభంగా కరగని ఇనుప ఆక్సైడు మిగిలిపోతుంది. 65 శాతానికి పైగా ఇనుము గల మేలిరకం ఖనిజం ఇక్కడ లభించడానికి ఇదొక ముఖ్య కారణం. చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచినంత కాలం ఏ ఏటి వానకు ఆ ఏడు నదిలో చేరే ఇనుము స్వల్పమే. దానిని నది భరించగలదు.

జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేసే లక్ష్యంతో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇక్కడ తవ్వకాలు ప్రారంభించింది. అప్పటి నుంచి ఈ సమతౌల్యం మారిపోయింది. పేలుళ్లతో పగిలిన రాయిని యంత్రాలు పొడి చేస్తాయి. గుండ్రాయి ఒకటి పిండి అయితే నీటికి తగిలే దాని ఉపరితలం వేల రెట్లు పెరుగుతుంది. కడిగిన ఖనిజం నుంచి మిగిలిన సన్నని బురదను మడుగుల్లో నిలువచేస్తారు. కట్టలు బలహీనమైతే, పూడిక తీయకపోతే తొలి భారీ వర్షానికే అది దిగువకు పారుతుంది. 2024 జూలైలో కిరండూల్ పట్టణంలోని ఇళ్లలోకి ఎర్రని బురద నీరు చొచ్చుకువచ్చిన సంగతి విదితమే.

ఇనుము పాషాణం వంటి విషం కాదన్న మాట వాస్తవం. నదికి, పొలానికి జరిగే హాని వేరే రూపంలో ఉంటుంది. ఎర్రని రేణువులు నీటిలోకి వెలుతురు ప్రసరించకుండా అడ్డుకొంటాయి. నాచు పెరగదు, ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు గుడ్లు పెట్టే ఇసుక గుంటలు పూడిపోతాయి. నీరు నిలిచిన వరి మడిలో ఈ బురద చేరినపుడు ప్రాణవాయువు అందక, కరగని ఇనుము కరిగే రూపంలోకి మారుతుంది. అది మోతాదు మించితే ఆకులు కంచు రంగుకు తిరిగి పైరు దెబ్బతింటుంది. చేతిపంపు నుంచి తేటగా వచ్చిన నీరు కుండలో కాసేపటికే ఎర్రబడడానికీ ఇదే రసాయన చర్య, తిరుగు దిశలో, కారణం. ఆ నీటి రుచి నచ్చక జనం మళ్లీ చెలమలను ఆశ్రయిస్తారు.

ప్రకృతిలో ఉన్నదే కదా అనే ఉపేక్షకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించారు. నల్లగొండ రాళ్లలోని ఫ్లోరైడును ఎవరూ తెచ్చి పోయలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఆ నీటిని లోతైన బోర్ల ద్వారా పైకి తోడి, వేరే దిక్కులేని ప్రజలచేత తరాల తరబడి తాగించినది మాత్రం మానవ నిర్ణయమే. భూమి దాచి ఉంచినదాన్ని వెలికి తీసేవారికి దాని ఫలితాల బాధ్యత కూడా ఉంటుంది.

బైలదిల్లా విషయంలో ఆ బాధ్యత బస్తర్‌తో ముగియదు. గనుల సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నది. ఖనిజం కొత్తవలస రైలు మార్గం మీదుగా, 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం గుండా విశాఖపట్నం చేరుతున్నది. కొండ మీది నీరు చివరకు గోదావరికే వస్తున్నది. లాభం పంచుకొన్నవారు నష్టాన్ని ఎగువ గ్రామాలకే వదలివేయడం న్యాయం కాదు.

నిధుల కొరతను సాకుగా చూపడానికి వీలులేదు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిని ప్రధానంగా తాగునీటికి, కాలుష్య నివారణకు వెచ్చించాలని మార్గదర్శక సూత్రాలు స్పష్టం చేస్తున్నాయి. కొరవడినది నమ్మదగిన లెక్క. గనులకు ఎగువన, దిగువన ఒకే రోజు నీటి నమూనాలు తీసి పోల్చితే ప్రకృతి వాటా ఎంతో, గనుల వాటా ఎంతో తేలిపోతుంది. ఈ పరీక్షలు వేసవిలో కాక, బురద పారే వానాకాలంలో జరగాలి. ఫలితాలను గోండి, హల్బీ భాషలలో గ్రామసభలకు చదివి వినిపించాలి. వానలకు ముందే మడుగుల పూడిక తీయించి, ఆ పనిని గ్రామసభ ప్రతినిధులే తనిఖీ చేసే ఏర్పాటు ఉండాలి.

తవ్వకాలు ఆపాలా, కొనసాగించాలా అన్న చర్చ తేలేవరకు ఈ పనులు వాయిదా వేయవలసిన అవసరం లేదు. ఇనుము దేశానికి కావలసిందే. తేట నీరు దంతెవాడ ఆదివాసికి అంతకంటె ముందు కావాలి.